మాగిన ఆకు: మడూరో సిగార్‌లో కోకో, కాఫీ, బెల్లం ఎక్కడి నుంచి వస్తాయి?

సంక్రాంతికి హ్యూస్టన్ నుంచి వచ్చిన మా బావ మూడు మడూరో సిగార్లు తెచ్చాడు. నూనె పట్టించిన టేకు చెక్కలా నల్లగా మెరుస్తున్నాయి. వాటితో వచ్చిన చిన్న కార్డు మీద రుచుల జాబితా ఉంది: కోకో, ఎస్ప్రెసో కాఫీ, మొలాసిస్ (చెరకు మడ్డి), ఎండు పళ్ళు, నల్ల మిరియం, తడి మట్టి. "ఇవన్నీ ఇందులో కలుపుతారా బావా?" అని అడిగాను. తనకీ తెలియదు. మా పెద్దనాన్న ఒకటి చేతిలోకి తీసుకుని, వెలిగించకుండానే చివర ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి "మండె బాగా మాగిందిరా అబ్బాయ్" అన్నారు. మండె అంటే మాగడానికి పేర్చిన పొగాకు కుప్ప.

ఎనభై దాటిన మనిషి. వయసులో ఉండగా బొబ్బర్లంక వైపు లంకలో పొగాకు వేయించేవారు. మడూరో అనే స్పానిష్ మాటకి పండినది, మాగినది అని అర్థం. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, ముక్కు చెప్పింది.

సిగార్ల గురించి మాట్లాడేటప్పుడు మనం మూడు వేరువేరు సంగతులను ఒకే ముడి వేసేస్తాం: రంగు, ఘాటు, రుచి. నల్లగా ఉంటే ఘాటు ఎక్కువ అనుకుంటాం. కోకో వాసన వస్తే ఎసెన్స్ కలిపారు అనుకుంటాం. పక్కన ఏం తాగాలి అనే ప్రశ్న కూడా ఈ ముడిలోనే ఇరుక్కుపోయింది. పెద్దనాన్న అన్న మాట పట్టుకుని వెళితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

ముందు ఆకు సంగతి. కోసిన రోజు పొగాకుకి కోకో వాసన ఉండదు, బెల్లం వాసనా ఉండదు. పచ్చి పసరు వాసన, చేతికి అంటుకునే జిగురు, అంతే. ఆ తరువాత దాన్ని ఎలా ఆరబెట్టారన్న దాన్ని బట్టి దాని దారి మారిపోతుంది. దేవరపల్లి, జంగారెడ్డిగూడెం మెట్టలో పండే వర్జీనియా పొగాకుని బ్యారన్‌లో వేడి గాలితో వారం లోపే ఆరబెడతారు. ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, ఆ చక్కెర ఖర్చయ్యేలోపే వేడికి ఆకు ఎండిపోతుంది. అందుకే ఆ ఆకు పసుపుగా ఉంటుంది, అది సిగరెట్టుకి పోతుంది. సిగార్ ఆకుకి అంత తొందర పనికిరాదు. నీడలో, గాలికి, వారాల తరబడి వేలాడదీస్తారు. కోసిన తరువాత కూడా ఆకు కొన్నాళ్ళు ప్రాణంతోనే ఉంటుంది. తనలోని చక్కెరని తనే తినేస్తూ నెమ్మదిగా గోధుమ రంగుకి వస్తుంది.

వరద తీశాక లంకల్లో మిగిలే ఒండ్రులో పండిన లంక పొగాకు చుట్టల కోసమే పేరు పడింది. ఒకప్పుడు కాకినాడ రేవు నుంచి ఓడలెక్కి బర్మాకి వెళ్ళి అక్కడ చుట్టలయ్యేది. దేశంలో పొగాకు మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థని 1947లో రాజమండ్రిలోనే పెట్టారు. ఈ నేల నుంచి చూస్తే సిగార్ మరీ పరాయి వస్తువేమీ కాదు. చుట్టకి పెద్ద చదువులు చదివిన దాయాది అంటాను నేను.

ఇక మండె. ఆరిన ఆకుని పదునుకి తెచ్చి, అంటే చేత్తో నలిపితే పొడి కాకుండా మెత్తగా వంగే తేమకి తెచ్చి, కట్టలు కట్టి ఒకదాని మీద ఒకటి పేర్చుతారు. నికరాగ్వాలో, క్యూబాలో దీన్ని పిలోన్ అంటారు, మనిషెత్తు లేస్తుంది. ఆ బరువుకి, తేమకి లోపల దానంతట అదే వేడి పుడుతుంది. ఆకులోని ఎంజైములు, సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. అమ్మోనియా బయటికి పోతుంది, దానితోపాటు కొంత నికోటిన్ కూడా. వేడి హద్దు దాటుతుంటే మండె విప్పి లోపలి ఆకు బయటికి, బయటి ఆకు లోపలికి వచ్చేలా తిరగేసి మళ్ళీ కడతారు. మా చిన్నప్పుడు మండె తిరగేసే రోజున పెద్దమ్మ పిల్లల్ని సావిడి గుమ్మం దాటనిచ్చేది కాదు. అయినా దూరేవాళ్ళం. కళ్ళు భగ్గున మండి నీళ్ళు కారేవి. అది అమ్మోనియా అని ఇప్పుడు తెలుసు. నాలుగైదుసార్లు తిరగేశాక అదే సావిడిలో బెల్లం గది వాసన వచ్చేది.

మడూరో సిగార్‌కి పైన చుట్టే ఆకుకి ఇదే పనిని ఇంకా ఎక్కువ వేడితో, ఇంకా ఎక్కువ కాలం చేస్తారు. అన్ని ఆకులూ దీన్ని తట్టుకోలేవు. పరదాల నీడలో పెంచిన పల్చటి ఆకు చిరిగి ముద్దయిపోతుంది. అందుకే దళసరి ఆకులు వాడతారు: అమెరికాలో కనెక్టికట్ నది లోయలో ఎండలో పెరిగే బ్రాడ్‌లీఫ్, మెక్సికోలో వేరాక్రూజ్ రాష్ట్రంలోని శాన్ ఆండ్రెస్ లోయ ఆకు, బ్రెజిల్‌లో బాహియా ప్రాంతపు మాతా ఫీనా. ఇంతకాలం ఆగలేక ఆకుని ఆవిరి మీద ఉడికించేవాళ్ళూ, రంగు పట్టించేవాళ్ళూ కూడా ఉన్నారు. అచ్చు వేసినట్టు ఒకే నలుపు ఉండి, తాగితే పెదవులకి రంగు అంటుకుంటే అనుమానించాలి. నిజంగా మాగిన ఆకులో నలుపు ఒక్కలా ఉండదు. ఈనెల దగ్గర ఒక ఛాయ, మధ్యలో ఒక ఛాయ, అక్కడక్కడ మచ్చలు ఉంటాయి.

మరి కోకో సంగతి? దీనికి జవాబు కోనసీమ కొబ్బరి తోటల్లోనే ఉంది. దేశంలో కోకో ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే. గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడన అంతరపంటగా వేస్తారు. కాయ కొట్టినప్పుడు గింజల చుట్టూ సీతాఫలంలాంటి తెల్ల గుజ్జు ఉంటుంది. ఆ గింజ కొరికితే వగరు, చేదు తప్ప చాక్లెట్ ఛాయ కూడా తగలదు. గింజల్ని బుట్టల్లోనో చెక్క పెట్టెల్లోనో అయిదారు రోజులు పులియబెడతారు. లోపల వేడి 45 నుంచి 50 డిగ్రీల దాకా వెళుతుంది. ముందు కల్లు వాసన, తరువాత వెనిగర్ వాసన. ఎండబెట్టి వేయించాక గానీ మనకి తెలిసిన వాసన పుట్టదు. ఇది కూడా ఒక మండె లాంటిదే కదా. పొగాకుదీ కోకోదీ దారి దాదాపు ఒకటే: పేర్చడం, వేడెక్కడం, తిరగేయడం, ఆరబెట్టడం, చివరికి నిప్పు తగలడం.

ఆ దారిలో జరిగే రసాయన చర్యకి మాయార్ చర్య అని పేరు. 1912లో లూయీ కామీ మాయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని మొదట వివరించారు. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి గోధుమ రంగునీ, వందల రకాల వాసన పదార్థాల్నీ పుట్టిస్తాయి. వాటిలో పైరజీన్లు అనే కుటుంబం ఒకటి. వేయించిన కాఫీ గింజలో అవే, వేయించిన కోకోలో అవే, కాలిన మడూరో ఆకులోనూ అవే. బెల్లం పాకం పెనంలో చిక్కబడుతున్నప్పుడు గోధుమరంగు తిరిగేదీ చాలావరకు ఇందువల్లే. కాబట్టి కార్డు మీద కోకో అని రాసినవాడు గొప్పకి రాయలేదు. ఆ పదార్థాల్లో కొన్ని నిజంగానే ఉన్నాయి, ఎవరూ తెచ్చి కలపకుండానే ఉన్నాయి.

ఘాటు సంగతి వేరు. సిగార్‌లో మూడు పొరలు ఉంటాయి. పైన కనిపించేది రేపర్, దాని కింద పట్టి ఉంచేది బైండర్, లోపల నింపేది ఫిల్లర్. బావ తెచ్చిన మూడింటిలో ఒకదాన్ని పెద్దనాన్న విప్పేశారు. "పాడు చేస్తారా మావయ్యా?" అని బావ గాభరాపడ్డాడు గానీ ఆయన ఆగలేదు. ఒళ్ళో తుండు పరుచుకుని, నోట్లో పెట్టుకునే చివర ఉన్న చిన్న టోపీని గోటితో లేపి, పై ఆకుని అరటి దూట పొర తీసినట్టు నెమ్మదిగా తిప్పుతూ ఊడదీశారు. లోపలివి నాలుగు ఆకులు, మధ్య ఈనె తీసేసి, విసనకర్ర మడతల్లా పొడుగ్గా మడిచి ఉన్నాయి. వాటిలో ఒకటి మిగతావాటికన్నా దళసరి, వేళ్ళకి జిడ్డు అంటుకుంది. "ఇది చెట్టు తల దగ్గరి ఆకు. ఎండంతా దీనిదే. తల తిరిగేది దీనివల్లే" అన్నారు. నికరాగ్వాలో ఆ ఆకునే లిహేరో అంటారు. మధ్య ఆకు సెకో, దానికి వాసన ఎక్కువ. కింది ఆకు వొలాడో, బాగా అంటుకుంటుంది. సిగార్ ఘాటు ఎక్కువగా లోపల లిహేరో ఎంత పెట్టారన్న దాని మీద ఉంటుంది. పై ఆకు నలుపుని బట్టి దాన్ని చెప్పలేం. లేత గోధుమ రంగు సిగార్ మనిషిని కూలదోయొచ్చు, నల్ల మడూరో మెత్తగా ఉండొచ్చు. ఎక్కువసార్లు మడూరోలో తియ్యదనమే ముందు తగులుతుంది, పై ఆకు అంత మాగింది కాబట్టి.

పరీక్షించి చూడాలంటే ఒకే సిగార్‌ని రెండు పై ఆకులతో చేసే కంపెనీలు ఉన్నాయి. పద్రోన్ కంపెనీ 1964లో మయామీలో మొదలైంది. ముప్ఫై ఏళ్ళు నిండిన సందర్భంగా 1994లో తెచ్చిన 1964 యానివర్సరీ రకం నేచురల్‌గానూ (పై ఆకుని అంత నల్లగా మాగించకుండా) దొరుకుతుంది, మడూరోగానూ దొరుకుతుంది. రెండూ పక్కపక్కన తాగినవాళ్ళకి పై ఆకు ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

రుచి తెలుసుకోవడం గురించి ఒక చిన్న పని చేసి చూడండి. ముక్కు గట్టిగా మూసుకుని బెల్లం ముక్క నోట్లో వేసుకోండి. తీపి ఒక్కటే తెలుస్తుంది. ఇప్పుడు ముక్కు వదలండి. అప్పుడు వస్తుంది బెల్లం. నాలుకకి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసం పులుసులో ఉండే ఆ కమ్మదనం, ఇంతవరకే తెలుసు. మిగతాదంతా గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కే వాసనే. సిగార్ పొగని ఊపిరితిత్తుల్లోకి పీల్చరు, నోట్లో ఉంచుకుని వదిలేస్తారు. అలవాటున్నవాళ్ళు అందులో కొద్ది భాగం ముక్కులోంచి వదులుతారు. కార్డు మీద రాసిన రుచుల్లో సగం అక్కడే దొరుకుతాయి. మొదటిసారి మాత్రం చాలా తక్కువ వదలాలి, లేకపోతే మిరియం నేరుగా మెదడుకి ఎక్కినట్టుంటుంది.

ఇంకొక మాట. పరాయి జాబితాలోని రుచులు మన నోటికి తగలకపోతే మన నోరు మొద్దుదని కాదు. మొలాసిస్ మనలో ఎంతమంది రుచి చూశారు? ఆ చోట కుండలో పాతబడి నల్లగా చెమ్మెక్కిన బెల్లం అనుకోండి. ఎండు పళ్ళు అన్నచోట ఆత్రేయపురం మామిడి తాండ్ర, అదీ కింది పొర. తడి మట్టి అంటే వరద తీసిన మూడో రోజు ఏటిగట్టు. నేను అలా పేర్లు మార్చుకున్నాకే ఆ పొగలో ఏముందో నాకు తెలిసింది.

కనుమ సాయంత్రం కాలవ గట్టు మీద కుర్చీలు వేసుకుని బావా నేనూ ఒక్కొక్కటి వెలిగించాం. రొబస్టో సైజు, అంటే అయిదు అంగుళాల పొడవు. మందాన్ని రింగ్ గేజ్‌లో చెబుతారు. ఒక రింగ్ అంటే అంగుళంలో 64వ వంతు, మావి 50 రింగులవి. గంట దాకా వచ్చాయి. మధ్యాహ్నం పులుసులూ ఆవకాయా లేకుండా పప్పూ పెరుగుతో కానిచ్చాం, ఎందుకంటే చింతపండు పులుపు, కారం పట్టిన నాలుక ఆ పూటకి పనికిరాదు. ఖాళీ కడుపుతో కూర్చోవడం ఇంకా తప్పు. నికోటిన్‌కి కడుపులో తిప్పుతుంది, చెమటలు పడతాయి.

సిగార్‌ని మూడు వంతులు అనుకుంటే, మొదటి వంతులో మిరియమే. నాలుక పక్కల చురుక్కుమంది. ఆ సమయానికి లేత కొబ్బరి నీళ్ళు బాగా కలిశాయి. కొద్ది తీపి, కొద్ది ఉప్పదనం ఉండి మంటని కడిగేస్తాయి. రెండో వంతుకి వచ్చేసరికి పొగ చిక్కబడింది, కొబ్బరి నీళ్ళు ఎటుపోయాయో తెలియలేదు. అదే ఈ జోడింపుల్లో మొదటి సంగతి: గ్లాసులోదీ పొగలోదీ బరువు సరితూగాలి. ఒకటి రెండోదాన్ని మింగేస్తే ఇద్దరూ నష్టపోతారు.

రెండో వంతుకి కాఫీ తెప్పించాం. అరకు అరబికా గింజలు, అప్పుడే మర పట్టి, చికోరీ లేకుండా, పాలు లేకుండా డికాషన్, అందులో చిన్న తాటి బెల్లం ముక్క. ఆ పూటంతటికీ ఇదే గొప్ప జోడి. కారణం పైన చెప్పిందే: రెండింటిలోనూ అవే వేయించిన వాసనలు ఉన్నాయి, కాబట్టి కాఫీ గుక్క వేశాక పీల్చిన పొగలో కోకో ఒక్కసారిగా పైకి తేలింది. చేదూ చేదూ కలిసి బరువెక్కకుండా బెల్లం కాసుకుంది. చికోరీ వేస్తే ఆ చేదు మీద ఇంకో చేదు పడి నోరు బొగ్గయిపోతుంది. పాలు పోసిన కాఫీ కూడా చూశాను. పాల వెన్న నాలుక మీద పొరలా పరుచుకుని మిరియాన్ని తగ్గిస్తుంది, ఘాటు భరించలేనివాళ్ళకి అది మంచిదే, కానీ సన్నటి వాసనలన్నీ ఆ పొర కిందే ఉండిపోతాయి. నెయ్యి రాసిన పూతరేకు కూడా ఇదే పని చేసింది. నాకు పూతరేకంటే ప్రాణం, అయినా ఈ జతలో దాన్ని కూర్చోబెట్టను. తాండ్ర ముక్క మాత్రం ఆశ్చర్యపరిచింది. దాని పులుపు తీపిలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి పొగని కొట్టదు. తాటి కల్లు పులుపు అలా కాదు, విడిగా లేచి కొడుతుంది. మాగిన ఆకుకి కల్లు పడలేదు.

మిగతా ప్రపంచంలో మడూరోకి పాత జోడీలు ఉన్నాయి: చెక్క పీపాల్లో పాతబడిన రమ్, పోర్చుగల్ దోరో లోయ తియ్యటి పోర్ట్ వైన్, నల్లటి స్టౌట్ బీరు. రమ్ చెరకు మడ్డి నుంచి వస్తుంది, పీపా నుంచి వెనిల్లా వాసన పట్టుకుంటుంది, బెల్లం పక్కన బెల్లం కూర్చున్నట్టు. పోర్ట్‌లో ఎండు పళ్ళ వాసన ఉంటుంది. స్టౌట్ నలుపు మాడేదాకా వేయించిన బార్లీది. మూడింటికీ నిప్పుతోనో పీపాతోనో పాతబడటంతోనో సంబంధం ఉంది, అందుకే కుదురుతాయి. పొగ వాసన కొట్టే స్కాచ్ విస్కీ మాత్రం మడూరో పక్కన గొడవ పెట్టుకుంటుంది. రమ్, విస్కీ లాంటి ఘాటు మద్యం నీళ్ళు కలపకుండా తాగితే నాలుక మొద్దుబారుతుంది, ఇక రుచుల మాట ఎత్తడం అనవసరం.

ఇక్కడే ఇంకో సంగతి కూడా రాయాలి. పొగని మింగడం లేదు కదా అని సిగార్ తేలికైనదేమీ కాదు. సిగార్ పొగకి క్షార గుణం ఎక్కువ, అందుకే నికోటిన్ నోటి చర్మం నుంచే ఒంట్లోకి దిగిపోతుంది. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకి ఇది కారణం. దానికి మద్యం తోడైతే నోటి క్యాన్సర్ ముప్పు రెండూ కూడినంతతో ఆగదు, ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ, అంటే చుట్ట మండే చివర నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్ళకి అంగిట్లో వచ్చే పుండ్ల గురించి వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. మా ఇంట్లో మా చినతాతయ్య రోజుకి ఆరు చుట్టలు తాగేవారు, దవడ క్యాన్సర్‌తో పోయారు. చివరి నెలల్లో గంజి కూడా దిగేది కాదు. పెద్దనాన్న ఆ ఏడే చుట్ట మానేశారు, అందుకే కనుమ రోజు కూడా వాసన చూశారు గానీ వెలిగించలేదు. నేను ఏడాదికి ఒకటో రెండో తాగుతాను. అది కూడా క్షేమమని నేను అనను. తాగనివాళ్ళు ఈ రుచి కోసం మొదలుపెట్టవద్దనే నా మాట. అరకు కాఫీ, తాటి బెల్లం పొగ లేకుండా కూడా అంతే బాగుంటాయి.

డెల్టాలో సిగార్ దాచడం కష్టమే. దానికి 65 నుంచి 70 శాతం తేమ కావాలి. వానాకాలంలో మన గాలిలో అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది, బూజు పడుతుంది. ఎండాకాలం వేడికి ఆకులో నిద్రపోతున్న పొగాకు పురుగు గుడ్లు పగిలి సన్నటి సూది బెజ్జాలు పడతాయి. గాలి చొరబడని డబ్బా, తేమని సరిచేసే పొట్లం, ఇంట్లో చల్లగా ఉండే మూల, ఇంతే ఉపాయం. ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోయి, పక్కనున్న ఇంగువ వాసన కూడా పడుతుంది.

మూడో వంతులో పొగ వేడెక్కుతుంది. అప్పటిదాకా కాలిన ఆకు తారూ తేమా మిగిలిన ముక్కలోనే దిగి ఉంటాయి, చేదు పెరుగుతుంది. నిమిషానికి ఒకసారి కన్నా ఎక్కువ లాగితే ఈ చేదు ఇంకా ముందే వచ్చేస్తుంది. ఆ వంతుకి మేం కాఫీ పక్కన పెట్టి తీపి లేని గోలీ సోడా తాగాం, బుడగలు నాలుకని తుడిచినట్టు చేస్తాయి. అయినా రెండు వేళ్ళ ముక్క మిగిలేసరికి రుచి అయిపోయింది, కాలిన వాసన ఒక్కటే మిగిలింది. నలపకుండా పళ్ళెంలో వదిలేశాం. దానంతట అదే ఆరిపోయింది.

విప్పిన సిగార్ పై ఆకుని పెద్దనాన్న పారేయలేదు. తుండు మీద చదును చేసి, ఈనె వెంట వేలితో రాసి, కొత్త పంచాంగం మధ్యలో పెట్టుకున్నారు. మొన్న ఏదో ముహూర్తం చూడమని అడిగితే ఆ పుస్తకం తెరిచారు. ఉగాది పేజీ దగ్గర పాత బెల్లం వాసన వచ్చింది.